పెన్సిల్వేనియా జర్మన్ పూర్వీకుడి జాడ తీయడం ఎలా?

అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్లకు ఇప్పుడు అక్కడి పాత కుటుంబాల నుంచి కోడళ్లూ అల్లుళ్లూ వస్తున్నారు. వాళ్ల పెద్దలది పెన్సిల్వేనియా, మేరీలాండ్, వర్జీనియాలోని షెనెండోవా లోయ, నార్త్ కరోలినా వైపు అయితే, ఏదో ఒక కొమ్మ మీద 18వ శతాబ్దపు జర్మన్ రైతు ఉండే అవకాశం బాగా ఉంది. స్కూల్లో వంశవృక్షం గీసి తెమ్మన్నప్పుడు మనవలకు మన వైపు నాలుగు తరాల పేర్లు అమ్మమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. రెండో వైపు మాత్రం ‘జర్మనీ నుంచి ఎప్పుడో వచ్చారట’ దగ్గర ఆగిపోతుంది. ఆ ‘ఎప్పుడో’ను ఒక సంవత్సరంగా, ఆ ‘జర్మనీ’ని ఒక ఊరిగా తేల్చడం చాలా కుటుంబాల విషయంలో సాధ్యమే. అది ఏ వరసలో చేయాలో చెబుతాను.

అన్నిటికన్నా ముందు ఒక హెచ్చరిక. జర్మనీలో వెతుకులాట మొదలుపెట్టకండి. ఊరి పేరు తెలియకుండా అక్కడి రికార్డుల్లో దిగితే జోహానెస్ మిల్లర్లు వందల్లో తగులుతారు, మీవాడెవరో తేలదు. ఊరి పేరు దొరికేది చాలామటుకు అమెరికా కాగితాల్లోనే. రెండో సంగతి: మనిషిని ఒంటరిగా వెతక్కండి. ఆ రోజుల్లో ఒక ఊరివాళ్లు, ఒక చర్చివాళ్లు, వియ్యంకులు, బావమరుదులు కలిసే ఓడెక్కారు, పక్కపక్కనే పొలాలు తీసుకున్నారు, ఒకరి పిల్లల బాప్తిస్మానికి ఒకరు సాక్షులుగా నిలబడ్డారు. మీవాడి గురించి కాగితం మౌనంగా ఉన్నచోట అతని పొరుగువాడి కాగితం మాట్లాడుతుంది.

ఇంకో విషయం కూడా మనసులో పెట్టుకోండి. అప్పటికి జర్మనీ అన్న దేశం లేదు. పాలటినేట్, వుర్టెంబర్గ్, బాడెన్-డుర్లాఖ్, హెస్సె, నసావు లాంటి చిన్నా పెద్దా సంస్థానాలు ఉండేవి. ఫ్రాన్స్ కింద ఉన్న ఆల్సాస్ నుంచి, స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లీషు గుమాస్తాలు వీళ్లందరినీ కలిపి ‘పాలటైన్లు’ అని రాసేశారు. కాబట్టి ఏదో కాగితంలో పాలటైన్ అని ఉన్నంత మాత్రాన పాలటినేట్ వాడని తీర్మానించకండి.

ఇవతలి ఒడ్డు నుంచి వెనక్కి

ఇప్పుడు బతికున్న పెద్దల దగ్గర మొదలుపెట్టి తరం తరువాత తరం వెనక్కి నడవాలి. అమెరికా జనాభా లెక్కల్లో ఇంట్లోని స్వతంత్రులందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. 1790 నుంచి 1840 వరకు ఇంటి పెద్ద పేరు మాత్రమే ఉంటుంది, మిగతావాళ్లు అంకెలే. అందుకని 1850 దాకా జనాభా లెక్కలు మోసుకుపోతాయి, అక్కడి నుంచి వీలునామాలు, భూమి కాగితాలు, చర్చి పుస్తకాలు అందుకోవాలి. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఇందులో చాలా భాగం ఉచితంగా చూడొచ్చు.

మధ్యలో ఒక మంచి మెట్టు ఉంది. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సిపాయిలకు 1832 చట్టం విస్తృతంగా పింఛను ఇచ్చింది. దరఖాస్తు పెట్టుకున్న ముసలి సిపాయి కోర్టులో నిలబడి తాను ఎక్కడ, ఏ ఏట పుట్టాడో, ఎక్కడెక్కడ బతికాడో చెప్పాలి. సిపాయి చనిపోతే భార్య పెళ్లి రుజువు చేసుకోవాలి. అందుకోసం చాలామంది ఇంటి బైబిల్లోంచి పేజీలు చింపి పంపారు, రంగురంగుల జర్మన్ బాప్తిస్మ పత్రాలు జతచేశారు. అవి ఈనాటికీ అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ ఫైళ్లలో ఉన్నాయి. వలస వచ్చినవాడి కొడుకో మనవడో యుద్ధంలో ఉన్నాడేమో తప్పకుండా చూడండి.

రాసుకునే పద్ధతి గురించి ఒక్క మాట. ప్రతి వివరం పక్కన అది ఎక్కడ చూశారో రాయండి: ఏ పుస్తకం, ఏ పేజీ, ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది). ఇతరులు ఆన్‌లైన్లో పెట్టిన వృక్షాలు దారి చూపడానికి పనికొస్తాయి కానీ సాక్ష్యంగా పనికిరావు. అలాగే కుటుంబాల్లో తిరిగే కథలు కొన్ని ఉన్నాయి. ‘ముగ్గురన్నదమ్ములు ఓడెక్కి వచ్చారు’, ‘ఎల్లిస్ ఐలాండ్‌లో పేరు మార్చేశారు’, ‘మా తాత బ్రిటిష్ వాళ్లు కిరాయికి తెచ్చుకున్న హెస్సియన్ సిపాయి’. న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్ తెరిచింది 1892లో, వలస పాలన ముగిసిన వందేళ్లకు. హెస్సియన్ కథను తేల్చడమూ సులభమే. ఆ సిపాయిలు వచ్చింది 1776 నుంచి. అంతకుముందటి పన్ను జాబితాలో మీవాడి పేరు ఉంటే ఆ కథ అక్కడితో సరి. లేకపోతే జర్మనీలోని మార్బర్గ్‌లో తయారైన హెస్సియన్ సైనికుల సూచికలో వెతకండి, ఆ సిపాయిల్లో కొన్ని వేలమంది నిజంగానే అమెరికాలో ఉండిపోయారు.

పేరుతో జాగ్రత్త

ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. జర్మన్ మగపిల్లవాడికి బాప్తిస్మంలో రెండు పేర్లు పెట్టేవాళ్లు: జోహాన్ గియోర్గ్, జోహాన్ ఆడమ్, జోహాన్ మిఖాయెల్. ఒకే ఇంట్లో అన్నదమ్ములందరూ జోహాన్‌లే కావచ్చు, పిలిచేది మాత్రం రెండో పేరుతో. ఆడపిల్లలకు అన్నా, మరియా అలాగే ముందు చేరతాయి. అందుకని ఓడ జాబితాలో ‘జోహాన్ గియోర్గ్’ అయినవాడు పొలం కాగితంలో ‘జార్జ్’ అవుతాడు. అయితే ‘జోహానెస్’ వేరు. అది చాలామటుకు ఒంటరిగా ఉండే పేరు, అతను అమెరికాలో జాన్ అవుతాడు. ‘జోహాన్’ను, ‘జోహానెస్’ను కలిపేస్తే ఇద్దరన్నదమ్ములు ఒక్క మనిషైపోతారు. ఆడవాళ్ల ఇంటిపేరు చివర ‘ఇన్’ చేరుతుంది. మిల్లర్ వాళ్లమ్మాయి ‘మిల్లరిన్’.

ఇంటిపేర్లు ఇంకా తిప్పలు పెడతాయి. ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడింది రాశాడు. నైరుతి జర్మనీ యాసలో బ-ప, ద-త, గ-క కలిసిపోతాయి కాబట్టి ‘బ’తో మొదలయ్యే పేరును ‘ప’ కిందా చూడాలి. కొందరు ఇంటిపేరును అర్థంతో సహా మార్చుకున్నారు: జిమ్మర్‌మాన్ కార్పెంటర్ అయ్యాడు, ష్వార్ట్స్ బ్లాక్ అయ్యాడు, కోనిగ్ కింగ్, యుంగ్ యంగ్, ష్నైడర్ ఒకచోట స్నైడర్, ఇంకోచోట టేలర్. లాంకస్టర్ కౌంటీ కార్పెంటర్లలో జిమ్మర్‌మాన్ల సంతతి ఉన్నారు. కాబట్టి వెతకడానికి ముందే కాగితం మీద మీ ఇంటిపేరుకు సాధ్యమయ్యే రూపాలన్నీ రాసుకోండి, కనీసం పదిహేను ఇరవై తేలతాయి. ప్రతి సూచికలోనూ ఆ జాబితా మొత్తం తిప్పి చూడండి.

ఓడ

1727కు ముందు పెన్సిల్వేనియాకు వచ్చినవాళ్లకు క్రమమైన ఓడ జాబితాలు లేవు. 1683లో క్రెఫెల్డ్ నుంచి వచ్చి జర్మన్‌టౌన్ కట్టుకున్న 13 కుటుంబాల కాలం నుంచి 1727 వరకు వచ్చినవాళ్లను భూమి కాగితాల్లో, పన్ను జాబితాల్లో, చర్చి పుస్తకాల్లో పట్టుకోవాలి.

1727 సెప్టెంబరులో పెన్సిల్వేనియా పాలకులు కొత్త నియమం పెట్టారు. ఓడ దిగిన విదేశీయుల్లో 16 ఏళ్లు నిండిన మగవాళ్లంతా రాజుకు విధేయతా ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. అప్పటి నుంచి స్వాతంత్ర్య యుద్ధం వరకు ఆ జాబితాలు చాలావరకు మిగిలాయి. ఒక్కో ఓడకు మూడు దాకా ఉండొచ్చు. మొదటిది కెప్టెన్ రాసి ఇచ్చింది, కొన్నిసార్లు అందులో ఆడవాళ్లు, పిల్లలు, వయసులు కూడా ఉంటాయి. రెండోది విధేయతా ప్రమాణం, మూడోది పోపుకూ, సింహాసనం మీద హక్కు చెప్పుకున్న స్టువర్ట్ వంశస్థుడికీ వ్యతిరేకంగా చేసిన ప్రమాణం. స్ట్రాస్‌బర్గర్, హింకె కలిసి వీటన్నిటినీ 1934లో మూడు సంపుటాలుగా అచ్చువేయించారు. ఈ పనికి వెన్నెముక ఆ పుస్తకమే. రెండో సంపుటంలో అసలు సంతకాల నకళ్లు ఉన్నాయి. కొన్ని పునర్ముద్రణల్లో ఆ సంపుటం వదిలేశారు, కాబట్టి లైబ్రరీలో అడిగేటప్పుడు మూడూ ఉన్నాయో లేదో కనుక్కోండి.

సంతకం చూడమని ఎందుకు పట్టుబడుతున్నానంటే, అతను తన చేత్తో జర్మన్ లిపిలో రాసి ఉంటే ఆ ఇంటిపేరుకు అంతకన్నా నమ్మకమైన రూపం అమెరికాలో దొరకడం కష్టం. అడ్డగీతల గుర్తు పెట్టి ఉంటే పక్కన పేరు గుమాస్తా రాసిందే. ఇరవై ఏళ్ల తర్వాత వీలునామా కింద ఉన్న సంతకంతో ఓడ సంతకాన్ని పోల్చి, ఒకే పేరున్న ఇద్దరిలో మీవాడెవరో తేల్చుకోవచ్చు.

జాబితాను ఒక్క పేరు కోసం చూసి మూసేయకండి. మొత్తం రాసుకోండి. ఒకే ఊరివాళ్లు వరసలో పక్కపక్కనే నిలబడి సంతకాలు పెట్టారు, అటు ఐదు పేర్లు ఇటు ఐదు పేర్లు రేపు జర్మనీలో ఊరు కనిపెట్టడానికి అక్కరకొస్తాయి. మగవాళ్ల జాబితాలో ఒక్కడే కనబడ్డాడని ఒంటరిగా వచ్చాడనుకోవద్దు. భార్యాబిడ్డలు ఓడలోనే ఉండొచ్చు. తండ్రి సంతకం ఉండి కొడుకుది లేకపోతే కొడుక్కి 16 నిండలేదని అర్థం కావచ్చు, జబ్బుపడి ఓడలోనే ఉండిపోయాడనీ కావచ్చు. కెప్టెన్ జాబితాలో ఉండి ప్రమాణ జాబితాలో లేనివాళ్లలో రోగులు ఉన్నారు.

కాలక్రమం కూడా తెలిసి ఉండాలి. వసంతంలో ఊరు వదిలి రైన్ నది మీద వారాలపాటు ప్రయాణించి రాటర్‌డామ్ చేరేవాళ్లు. అక్కడ ఓడెక్కాక ఇంగ్లీషు చట్టం ప్రకారం ఒక ఇంగ్లీషు రేవులో, ఎక్కువగా కౌస్‌లో, ఆగాలి. తర్వాత అట్లాంటిక్ దాటడానికి మామూలుగా రెండు నెలలకు పైనే పట్టేది. అందుకే ఫిలడెల్ఫియా జాబితాల్లో ఆగస్టు నుంచి నవంబరు దాకా తేదీలు గుమిగూడి కనిపిస్తాయి. 1749 నుంచి 1754 వరకు ఈ వలస ఉధృతంగా సాగింది.

అందరూ ఫిలడెల్ఫియాలోనే దిగలేదు. 1709లో దాదాపు 13,000 మంది లండన్ చేరి గుడారాల్లో పడిగాపులు కాశారు. వాళ్లలో సుమారు 3,000 మందిని 1710లో న్యూయార్క్ పంపి, హడ్సన్ నది ఒడ్డున ఇంగ్లీషు నౌకాదళానికి తారు తయారుచేసే పనిలో పెట్టారు. గవర్నర్ రాబర్ట్ హంటర్ వాళ్లకు తిండి ఇచ్చినందుకు రాయించిన లెక్కలే ఈనాడు మనకు ఓడ జాబితా బదులు. తల్లిదండ్రులు పోయిన పిల్లలను అక్కడే పనికి కట్టబెట్టిన కాగితాలు కూడా ఉన్నాయి. తండ్రి సముద్రంలో చనిపోగా న్యూయార్క్‌లో ఒక అచ్చుపనివాడి దగ్గర చేరిన జాన్ పీటర్ జెంగర్ ఆ పిల్లల్లో ఒకడు. 1735లో పత్రికాస్వేచ్ఛ కేసులో అతని పేరు చరిత్రకెక్కింది. జార్జియాలోని ఎబెనెజర్‌కు 1734 నుంచి వచ్చిన సాల్జ్‌బర్గ్ వాళ్లు, వర్జీనియాలో 1714లో మొదలైన జెర్మన్నా వాళ్లు వేరే దారులు. మీవాడి తొలి కాగితం ఎక్కడ దొరికిందో దాన్ని బట్టి దారి ఎంచుకోండి.

భూమి, కౌంటీ

ఇది తెలుగువాళ్లకు సులభంగా అర్థమయ్యే భాగం. పెన్సిల్వేనియాలో భూమి ఆ వలస రాజ్యానికి యజమానులైన పెన్ కుటుంబానిది. దరఖాస్తు పెట్టుకుంటే సర్వే చేయమని వారంటు ఇస్తారు, సర్వేయర్ గొలుసు పట్టి కొలిచి పటం గీస్తాడు, డబ్బు పూర్తిగా కట్టాక పట్టా వస్తుంది. 1732 తర్వాత చాలాకాలం ధర 100 ఎకరాలకు 15 పౌండ్ల 10 షిల్లింగులు, పైన ఏటా ఎకరాకు అర పెన్నీ శిస్తు. ఈ నాలుగు దశల కాగితాలూ హారిస్‌బర్గ్‌లోని పెన్సిల్వేనియా స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వారంటు రిజిస్టర్లు, సర్వే పటాలు ఆన్‌లైన్లోనూ చూడొచ్చు.

వారంటు తేదీని రాక తేదీ అనుకోవద్దు. డబ్బు లేక ఏళ్ల తరబడి వారంటు లేకుండానే అడవి నరికి సాగుచేసుకున్నవాళ్లు ఎందరో. మంచి సంగతేమిటంటే, అలాంటివాళ్లకు తర్వాత వారంటు ఇచ్చినప్పుడు ఫలానా తేదీ నుంచి వడ్డీ కట్టాలని రాశారు. అతను ఆ నేల మీద ఎప్పుడు అడుగుపెట్టాడో చెప్పేది ఆ వడ్డీ తేదీయే. ఇక సర్వే పటంలో నాలుగు దిక్కుల హద్దులూ చూడండి. ఆ హద్దుదార్ల పేర్లను ఓడ జాబితాతో, చర్చి పుస్తకంలోని సాక్షులతో పోలిస్తే ఊరిజనం ఆనవాలు దొరుకుతుంది. ఆ నేల అంతకుముందు లెనాపే ఆదివాసులది. కొన్నిచోట్ల వాళ్ల నుంచి కొనకముందే జర్మన్లు దిగారు, కాబట్టి ఆ ఏళ్లకు వారంట్లే ఉండవు.

కౌంటీల హద్దులు మారడం మరో చిక్కు. దీనికి కోన్రాడ్ వైజర్ జీవితం చక్కటి ఉదాహరణ. వలస పాలనలో ఇరక్వాయ్ ఆదివాసీ జాతులకూ పెన్సిల్వేనియాకూ మధ్య దుబాసీగా పేరుపొందిన మనిషి. 1710లో తండ్రితో న్యూయార్క్ వచ్చి, హడ్సన్ తర్వాత స్కొహారీలో పెరిగి, 1729లో భార్యాపిల్లలతో పెన్సిల్వేనియాలోని టల్పెహాకెన్‌లో స్థిరపడ్డాడు. అదే ఏడు లాంకస్టర్ కౌంటీ ఏర్పడింది. 1752లో బెర్క్స్ కౌంటీ విడిపోయింది. 1760లో ఆయన చనిపోయాడు. పొలం కదల్లేదు, కాగితాలు మాత్రం రెండు కౌంటీల కచేరీల్లో చెదిరిపోయాయి. న్యూయార్క్ రోజుల కాగితాలు వేరే. మీవాడు ఇప్పటి లెబనాన్ కౌంటీలో ఉన్నాడని విని అక్కడే వెతికితే ఏమీ దొరకదు. లెబనాన్ 1813లో పుట్టింది, దాని పాత కాగితాలు లాంకస్టర్‌లో, డాఫిన్‌లో ఉంటాయి. లీహై 1812లో నార్తాంప్టన్ నుంచి, మాంట్‌గొమరీ 1784లో ఫిలడెల్ఫియా నుంచి విడిపోయాయి. ఏ ఏటికి ఏ కౌంటీ అన్నది ఒక చిన్న పట్టికగా రాసుకున్నాకే కచేరీ రికార్డుల్లోకి వెళ్లండి.

చర్చి పుస్తకాలు

జర్మన్ వలసల్లో ఎక్కువమంది లూథరన్లు, రిఫార్మ్‌డ్ సంఘంవాళ్లు, రెండూ ప్రొటెస్టెంట్ శాఖలే. ఈ రెండు సంఘాలూ చాలాచోట్ల ఒకే గుడి కట్టుకుని వారం మార్చి వారం ఆరాధించుకున్నాయి, పుస్తకాలు మాత్రం వేరువేరు. కాబట్టి రెండూ చూడాలి. బాప్తిస్మం నమోదులో తల్లిదండ్రులతో పాటు జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి పేర్లు ఉంటాయి. వాళ్లు ఎక్కువగా చుట్టాలో సొంత ఊరివాళ్లో. బిడ్డకు తరచూ వాళ్ల పేరే పెట్టేవాళ్లు. పిల్లలందరి జ్ఞాన తల్లిదండ్రుల పేర్లూ వరసగా రాసుకుంటే తల్లి పుట్టింటివారు బయటపడటం చాలాసార్లు జరుగుతుంది. చావు నమోదుల్లో కొందరు పాస్టర్లు పుట్టిన ఊరు, వలస వచ్చిన ఏడు, పెళ్లిళ్లు, పిల్లల సంఖ్య అన్నీ రాశారు. ఊరి పేరు దొరికే అవకాశం అన్నిటికన్నా ఇక్కడ ఎక్కువ.

పాస్టర్లు తక్కువ, ఊళ్లు దూరం. జాన్ కాస్పర్ స్టోవర్ లాంటివాళ్లు గుర్రమెక్కి తిరుగుతూ 1730 నుంచి 1779 దాకా చేసిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు తమ సొంత పుస్తకంలో రాసుకున్నారు. మీ ఊరి చర్చి పుస్తకంలో లేని పెళ్లి అలాంటి సంచార పాస్టర్ పుస్తకంలో ఉండొచ్చు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఆసక్తి కలిగించే దారి ఒకటుంది. 1742లో ఫిలడెల్ఫియా చేరి అక్కడి లూథరన్ సంఘాలను ఒక తాటిమీదకు తెచ్చిన హెన్రీ మెల్కియోర్ మ్యూలెన్‌బర్గ్‌ను పంపింది జర్మనీలోని హాలే పట్టణపు ఫ్రాంకే సంస్థలు. మద్రాసులో పనిచేసి తెలుగు వ్యాకరణం రాసిన బెంజమిన్ షుల్ట్జె కూడా ఆ హాలే బడి నుంచే వచ్చాడు. తిరిగి వెళ్లాక 1740లలో అక్కడే తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. పెన్సిల్వేనియా ఉత్తరాలూ మన తీరం నుంచి వెళ్లిన ఉత్తరాలూ ఈనాడు ఒకే ఆర్కైవ్‌లో ఉన్నాయి. 1748లో మ్యూలెన్‌బర్గ్ స్థాపించిన పెన్సిల్వేనియా మినిస్టీరియం అనే లూథరన్ పాస్టర్ల సంఘమే 1842లో గుంటూరు చేరిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్‌ను పంపింది. గుంటూరు లూథరన్ కుటుంబాలకు ఈ పేర్లు కొత్త కాదు. పెన్సిల్వేనియా పాస్టర్లు హాలేకు రాసిన నివేదికల్లో సంఘంలోని మామూలు మనుషుల కష్టసుఖాలు, పేర్లు కనిపిస్తాయి కాబట్టి మీవాడు లూథరన్ అయితే వాటిని విడిచిపెట్టవద్దు.

మెన్నొనైట్లు, డంకర్లు అనే ప్రొటెస్టెంట్ శాఖలవాళ్లు శిశు బాప్తిస్మం ఇవ్వరు. వాళ్లకు బాప్తిస్మం పుస్తకం కోసం వెతికి కాలం వృథా చేసుకోకండి. భూమి, వీలునామా, కుటుంబ బైబిలే ఆధారం. మొరావియన్లు అనే మరో ప్రొటెస్టెంట్ శాఖది దీనికి పూర్తిగా వ్యతిరేకం. సంఘంలో సభ్యులు తమ జీవితకథ రాసుకోవడం, రాయించడం ఆచారం. పెన్సిల్వేనియాలో ఉన్న బెత్లెహెమ్‌లోని మొరావియన్ ఆర్కైవ్స్‌లో, నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలంలో అవి భద్రంగా ఉన్నాయి. ఒక రైతు, ఒక దాసి తన పుట్టుక నుంచి ముసలితనం వరకు చెప్పుకున్న కథ చదవగలగడం 18వ శతాబ్దంలో చాలా అరుదైన భాగ్యం.

మనుషులు సంఘాలు మారారు కూడా. వైజర్ లూథరన్‌గా పుట్టి, 1735లో ఎఫ్రటా సన్యాసి సమాజంలో చేరి, మళ్లీ లూథరన్ అయ్యాడు. 1745లో ఆయన కూతుర్ని పెళ్లాడింది మ్యూలెన్‌బర్గే. కొన్నేళ్లు ఒక చర్చి పుస్తకంలో పేరు మాయమైతే చనిపోయాడని అనుకోకండి.

తేదీల విషయంలో ఒక నియమం. 1752 వరకు ఇంగ్లీషు వలసల్లో పాత క్యాలెండరు నడిచింది, కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1752 సెప్టెంబరు 2 తర్వాత రోజును 14గా లెక్కించి సరిచేశారు. జర్మన్ ప్రొటెస్టెంట్ సంస్థానాలు 1700లోనే మారిపోయాయి. అందుకని ‘1729/30 ఫిబ్రవరి’ అని చూస్తే అలాగే రాసుకోండి, మీరు సరిచేయకండి. అక్కడి తేదీకీ ఇక్కడి తేదీకీ 11 రోజుల తేడా కనిపిస్తే కంగారుపడనక్కర్లేదు.

కోర్టు, పన్ను, పత్రికలు

వీలునామా ఒక్కటే చదివి ఆపేయవద్దు. ఆస్తి జాబితా, వేలంపాటలో ఎవరేం కొన్నారన్న లెక్క, ఆర్ఫన్స్ కోర్టులో (తండ్రి పోయిన పిల్లల, వారసుల వ్యవహారాలు చూసే కోర్టు) పిల్లలకు సంరక్షకుల నియామకం అన్నీ చూడండి. వీలునామా రాయకుండా పోయినవాడికి ఆర్ఫన్స్ కోర్టులో పొలం పంచినప్పుడు వారసులందరి పేర్లూ, కూతుళ్ల భర్తల పేర్లతో సహా వస్తాయి. జీవితం ఎలా ఉండేదో తెలిసేది కూడా ఇక్కడే: విధవ తల్లికి ఏ గది ఇవ్వాలి, ఏటా ఎంత గోధుమ, ఎంత ఉప్పు, ఒక ఆవుకు మేత, పొయ్యిలోకి కట్టెలు ఎవరు కొట్టి ఇవ్వాలి అన్నంత వివరంగా రాశారు. నా మటుకు, ఓడ పేరు కన్నా ఈ పేజీలే మనిషిని దగ్గర చేస్తాయి.

పన్ను జాబితాలు ఏటేటా చూడాలి. పెళ్లికాని మగవాళ్లను విడిగా రాశారు, కాబట్టి ఒక ఏడు ఆ వర్గంలో ఉండి తర్వాత మామూలు జాబితాకు మారితే పెళ్లి ఆ మధ్యలో అయి ఉండొచ్చు. పేరు హఠాత్తుగా పోతే చావో వలసో. లాంకస్టర్, యార్క్ మీదుగా పొటోమాక్ దాటి షెనెండోవా లోయలోకి, అక్కడి నుంచి కరోలినాకు పోయిన బళ్లబాట మీద ముందుకు వెతకండి.

1740లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం కింద ఏడేళ్లు నివసించిన విదేశీ ప్రొటెస్టెంటుకు పౌరసత్వం దొరికేది. ముందుగా ప్రభు భోజనంలో పాల్గొన్నట్టు రుజువు చూపాలి. పెన్సిల్వేనియా జాబితాల్లో ఆ భోజనం తీసుకున్న తేదీ కూడా ఉంది. దాంతో కనీసం ఏ ఏటికి ముందు వచ్చాడో లెక్కకట్టొచ్చు. ప్రయాణపు ఖర్చు కట్టలేక కొన్నేళ్ల చాకిరీకి ఒప్పుకున్నవాళ్లకు ఫిలడెల్ఫియా మేయర్ కచేరీ పుస్తకం 1771 అక్టోబరు నుంచి 1773 అక్టోబరు వరకు ఉంది. ఎవరి దగ్గర, ఎన్నేళ్లకు, ఎంతకు అన్నది అందులో చదవొచ్చు.

క్రిస్టఫర్ సౌవర్ 1739లో జర్మన్‌టౌన్‌లో మొదలుపెట్టిన జర్మన్ పత్రికను, 1762 నుంచి ఫిలడెల్ఫియాలో వచ్చిన హెన్రిక్ మిల్లర్ పత్రికను మరిచిపోకండి. ‘ఫలానా ఊరి ఫలానావాడు తన అక్క ఎక్కడుందో తెలుసుకోగోరుతున్నాడు’, ‘ఫలానావాడికి ఊళ్లో ఆస్తి వాటా వచ్చింది, కబురు చేయాలి’ అన్న ప్రకటనలు వాటిలో ఎన్నో. ఊరి పేరు నేరుగా అచ్చులో దొరుకుతుంది. వీటిని ఇంగ్లీషులోకి మార్చి సూచికలతో పుస్తకాలుగా కూర్చారు. ఆస్తి వాటా తెచ్చుకోవడానికి ఊరికి వెళ్లే వ్యాపారులకు ఇచ్చిన ముక్త్యార్‌నామాలు కౌంటీ దస్తావేజుల్లోనూ ఉన్నాయి.

అవతలి ఒడ్డు

ఊరి పేరు దొరికాక దాన్ని సరిగ్గా గుర్తించాలి. గుమాస్తా చేతిలో వంకర తిరిగిన పేరును ఒకే పేరున్న అయిదారు ఊళ్లతో పోల్చి చూడాలి. 20వ శతాబ్దం మొదట్లో తయారైన మేయర్స్ గెజటీర్ అనే జర్మన్ ఊళ్ల సూచిక ఆన్‌లైన్లో ఉంది, ఏ ఊరికి ఏ చర్చో అందులో చూడొచ్చు. ప్రొటెస్టెంట్ చర్చి పుస్తకాలకు డబ్బు కట్టి చూసే ఆర్కియోన్, క్యాథలిక్ పుస్తకాలకు ఉచితమైన మెట్రిక్యులా ఉన్నాయి. వీటిని చదవాలంటే కురెంట్ అనే పాత జర్మన్ చేతిరాత నేర్చుకోక తప్పదు. కొన్ని వారాలు కూర్చుంటే పుట్టుక, పెళ్లి, చావు నమోదులు కూడబలుక్కుని చదవగలుగుతారు. వాటిలో వాడే మాటలు కొద్దే, మళ్లీ మళ్లీ అవే వస్తాయి.

వలసను అనుమతించిన కాగితాలు వేరు. చాలా సంస్థానాల్లో రైతు ప్రభువుకు కట్టుబడినవాడు. ఊరు వదలాలంటే విడుదల రుసుము కట్టి, పట్టుకుపోయే ఆస్తిలో పదోవంతు లాంటి సుంకం చెల్లించాలి. ఆ లెక్కలు కార్ల్స్‌రూయె, స్టుట్‌గార్ట్, స్పైయర్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చెప్పకుండా పారిపోయినవాళ్ల ఆస్తి జప్తు చేసిన కాగితాలూ అక్కడే. పాలటినేట్ వలసలకు కైసర్స్‌లౌటెర్న్‌లోని పాలటినేట్ చరిత్ర సంస్థ పెద్ద కార్డు సూచిక నిర్వహిస్తోంది, ఉత్తరం రాసి అడగవచ్చు. పాస్టర్లు బాప్తిస్మం నమోదు పక్కన ‘పెన్సిల్వేనియా పోయాడు’ అని తర్వాత చేర్చిన సందర్భాలూ ఉన్నాయి. కొందరు అది ఒక దీవి అనుకుని అలాగే రాశారు.

పుస్తకాలు లేని ఊళ్లూ తగులుతాయి. ముప్పై ఏళ్ల యుద్ధంలో, 1689లో ఫ్రెంచి సేనలు హైడెల్‌బర్గ్, స్పైయర్, వార్మ్స్ ప్రాంతాలను తగలబెట్టినప్పుడు ఎన్నో కాలిపోయాయి. 1648 తర్వాత ఖాళీ అయిన ఆ ఊళ్లకు స్విట్జర్లాండ్ నుంచి రైతులు వచ్చి చేరారు, కాబట్టి రెండు తరాలు వెనక్కి వెళ్లేసరికి దారి స్విస్ పర్వతాల వైపు తిరగవచ్చు. పుట్టిన ఊరూ కుటుంబపు ఊరూ ఒకటే కావాలనీ లేదు. వైజర్ కుటుంబానిది గ్రోసాస్‌పాఖ్. తండ్రి సైన్యంలో ఉండి ఆఫ్‌స్టెట్‌లో బస చేయడంతో కోన్రాడ్ 1696లో అక్కడ పుట్టాడు.

ఇతనే మనవాడు అని ఎలా తేల్చాలి

పేరు, వయసు కలిస్తే చాలదు. భార్య పేరు, ఇద్దరు ముగ్గురు పిల్లల పేర్లు వయసులతో సహా రెండు ఒడ్డులా సరిపోవాలి. అతని పక్కన సంతకం చేసినవాళ్లు, పొలం హద్దుదార్లు, జ్ఞాన తల్లిదండ్రులు కూడా ఆ ఊరి పుస్తకాల్లో కనిపిస్తే బలం పెరుగుతుంది. జన్యు పరీక్షల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఏడెనిమిది తరాల వెనకటి బంధానికి మామూలు పరీక్ష స్పష్టమైన జవాబివ్వలేదు, తండ్రి వరస మాత్రమే చూసే వై-క్రోమోజోమ్ పరీక్ష కొంత నయం.

చివరగా, అనుకూలమైన కాగితం దొరికాక దాన్ని కొట్టేసే కాగితం కోసం వెతకండి. ఆ ఊళ్లో బాప్తిస్మం పొందిన బిడ్డ పసితనంలోనే చనిపోయాడేమో సమాధి నమోదులు చూడండి, ఆ బిడ్డ పేరునే తర్వాతి తమ్ముడికి పెట్టడం అక్కడ మామూలు. ఫిలడెల్ఫియాలో 1738 సెప్టెంబరులో సంతకం పెట్టాడనుకున్నవాడు ఆ ఏడు నవంబరులో ఊళ్లో ఎవరి బిడ్డకో జ్ఞానతండ్రిగా నిలబడి ఉంటే అతను మీవాడు కాదు. ఓడ సంవత్సరం తర్వాత కనీసం ఇరవై ఏళ్ల పెళ్లిళ్లు, చావులు, కన్ఫర్మేషన్ (ఎదిగిన పిల్లలు చర్చిలో తమ విశ్వాసాన్ని స్థిరపరచుకునే ఆచారం) జాబితాలు తిరగేయండి. ఆ పేజీల్లో అతనూ భార్యా పిల్లలూ ఎక్కడా తగలకపోతే అప్పుడు ఆ ఊరి పేరు వంశవృక్షంలో పెన్నుతో రాయండి, అంతవరకు పెన్సిలుతోనే ఉంచండి.